నాలుగంగుళాలు

గంగాభవాని ముందు చూసింది ఆ బూట్లని. ఆవపిండి రంగు నేతచీర కింద బూడిదరంగు గుడ్డబూట్లు, తెల్లటి అడుగులతో, కాలేజీ పిల్లలు వేసుకునేలాంటివి. తలెత్తి మనిషిని చూసింది ఆ తర్వాతే.

పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయిన కుసుమకుమారి టైలరింగ్ షాపు మెట్టు దగ్గర ఆగి ఉంది. ఎడమ మణికట్టుకి సాగే కట్టు, ఆ మోచేతికి తగిలించిన ఊతకర్ర. కుడిచేతిలో గుడ్డల సంచీ. ఆ సంచీని చంకలో ఇరికించుకుని, ఖాళీ అయిన చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, మెట్టెక్కి లోపలికొచ్చింది.

"రండమ్మా. సెయ్యి ఎలాగున్నాది?"

"పిండికట్టు తీసేశారు. వేళ్ళు తిరుగుతున్నాయి."

రెండు నెలల కిందట సింహాచలం బస్సు దిగుతూ ఆవిడ పడిపోయిన సంగతి కంచరపాలెం మెట్టు దగ్గర ఆ సందులో అందరికీ తెలుసు. చీర అంచు చెప్పు కిందకి వచ్చింది. గంగాభవాని అప్పుడు వెళ్ళి చూసొచ్చింది కూడా. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ జాకెట్లు కుడుతున్నది తనే.

సంచీలోంచి మూడు గుడ్డలు బయటికొచ్చాయి. నీలం, బిస్కెట్ రంగు, చిన్న పువ్వుల ముదురాకుపచ్చ. గంగాభవాని ఒకదాన్ని బల్లమీద పరిచి వేళ్ళతో నలిపి చూసింది. మంచి నూలు, ఉతికితే కుంచించుకుపోయే రకం కాదు.

"జాకెట్టుకైతే సానా ఎక్కువున్నాదమ్మా ఇది."

"జాకెట్లు కాదు. కుర్తాలు, వాటికి ప్యాంట్లూ. పొడవు మోకాలి దాకా చాలు, మెట్టెక్కితే అడ్డం రాకూడదు. రెండు పక్కలా జేబులు పెట్టు, ఫోను పట్టేంత లోతుగా."

"ఎవరికి? కోడలిగారికా?"

"నాకే."

మెడలోంచి టేపు తీయబోయిన గంగాభవాని చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మీకు అరవై దాటీసేయి కదమ్మా. ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడు డ్రెస్సులేటి? మీకు సీరే అందం. మీరు బస్సెక్కితే లేచి సీటిచ్చేవోరు."

"ఇప్పుడూ ఇస్తారులే. ముందు ఎక్కాలి కదా." కుసుమకుమారి కర్ర గోడకి ఆనించి, చేతులు రెండూ పక్కలకి ఎత్తి నిలబడింది. "ఊఁ, కొలత తీసుకో."

గంగాభవాని కొలిచింది. భుజాలూ ఛాతీ కొలవక్కర్లేదు, అవి తనకి కంఠతా వచ్చు. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ నడుము పైభాగమే తన పని. ఆవిడ కాళ్ళు అంత పొడుగని ఆ రోజే తెలిసింది. పొడవు దగ్గరికొచ్చేసరికి కుసుమకుమారి తనే వంగి, చీర మీదనుంచి మోకాలి కింద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడికి."

"ముప్పై ఎనిమిది," అని టేపు చూసి చెప్పి, గంగాభవాని గుడ్డ మూల మీద సుద్దతో వేసుకుంది.

"శనివారానికి ఒక్కటైనా ఇవ్వు. కొండకెళ్ళి చాలా రోజులైంది."

ఆవిడ వెళ్ళాక గంగాభవాని నీలం గుడ్డని మధ్యకి మడిచి, చేత్తో దువ్వి, సుద్ద తీసుకుంది. ముప్పై ఎనిమిది దగ్గర గీత గీయబోయి ఆగింది. ఆ పెద్దావిడ ఆ పొట్టి కుర్తా వేసుకుని ఆ బూట్లతో సందులో నడిచొస్తున్నట్టు, టీకొట్టు దగ్గర మనుషులు తలలు తిప్పుతున్నట్టు ఊహించుకుంది. ఎవరు కుట్టారని అడుగుతారు. సుద్ద కిందకి జరిపి నలభై రెండు దగ్గర గీత గీసింది. పక్కల చీలిక నడుము దగ్గర మొదలవ్వాల్సింది, దాన్నీ బాగా కిందకి దించింది. ఆవిడ మంచికే కదా అనుకుంది. కత్తెర గుడ్డలోకి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం ఆ కుర్తాకి చేతులు ఎక్కిస్తుంటే భర్త వీర్రాజు డ్యూటీ నుంచి వచ్చాడు. అతను పోర్టు యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వెనక గదిలో స్నానం చేసి, కొడుకు వదిలేసిన టీషర్టు తగిలించుకుని, మోకాళ్ళ పైకుండే నిక్కరుతో షాపులోకి వచ్చాడు. టీషర్టు మీద ఎర్రటి పుర్రె బొమ్మ ఉంది. దాని చుట్టూ ఏవో ఇంగ్లీషు అక్షరాలు.

"ఏటది? ఎవరికి?"

"పోర్టు ఆఫీసు అమ్మగారికి."

"ఆ ముసలమ్మకా?" వీర్రాజు నవ్వాడు. "వయసు మీదపడ్డాక సోకులు. రేపు జీన్సు పేంటు కుట్టమంతాది, కుట్టీ."

"నువ్వు ఎక్కడికెల్తన్నావు?"

"పాలపేకెట్టుకి."

అతను రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ సందులోకి దిగాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నెరిసిన వెంట్రుకల పిక్కలు, కుడి మోకాలి కింద పాత దెబ్బ మచ్చ. ఎదురింటి ముందు కూర్చున్న ఆడవాళ్ళు అతనితో ఏదో అన్నారు, అతనూ నిలబడి ఏదో చెప్పాడు. ఎవరూ అతని కాళ్ళవైపు చూడలేదు. గంగాభవాని అతను మలుపు తిరిగే దాకా చూసింది. రోజూ చూసేదే. మిషను మీదకి వంగి, రెండో చెయ్యి ఎక్కించింది.

బుధవారం మధ్యాహ్నం ఒక బైకు షాపు ముందు ఆగింది. హెల్మెట్ తీస్తే కుసుమకుమారి కొడుకు జయంత్. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు. వారంలో సగం రోజులు ఇంట్లోంచే పని చేస్తాడు. అవాళ ఇంట్లో ఉన్న రోజు కాబోలు, పూల నిక్కరూ, కన్నాలున్న ప్లాస్టిక్ చెప్పులూ వేసుకుని ఉన్నాడు.

"ఆంటీ, మా అమ్మ మీకేమైనా గుడ్డలిచ్చిందా?"

"ఇచ్చేరు బాబూ."

"అవి కుట్టకండి."

గంగాభవాని సూదిలోంచి దారం తీసి పక్కన పెట్టింది. కుట్టడం అయిపోయిన నీలం కుర్తా ఆమె వెనక మేకుకి వేలాడుతోంది. మీద పాత దుప్పటి కప్పి ఉంది.

"కుట్టొద్దని ఆవిడతో నేను అనలేను. మీరే ఏదో ఒకటి చెప్పండి. మిషను పాడయిందనండి. ఒక నెల పోతే ఆవిడే మర్చిపోతుంది."

"ఎందుకు బాబూ?"

"ఆదివారం మా అత్తామావయ్య వస్తున్నారు. అమ్మని ఆ వేషంలో చూస్తే ఏమనుకుంటారు? ఆ బూట్లు మా ఆవిడ నీలిమ కొనిపెట్టింది, నాకు చెప్పకుండా. పోనీ, కాళ్ళకే కదా అనుకున్నాను. ఇప్పుడు ఇది. కిందింటివాళ్ళు అప్పుడే అడుగుతున్నారు, అమ్మగారు వాకింగ్ మొదలెట్టారా, ఎక్కడైనా ఉద్యోగంలో చేరారా అని."

అతను బైకు అద్దంలో చూసుకుని జుట్టు సరిచేసుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"అసలు ఆవిడకి బస్సులెందుకు ఆంటీ? ఎక్కడికెళ్ళాలన్నా కారు బుక్ చేస్తానంటున్నాను. ఆ రోజు నేను మీటింగులో ఉన్నాను. అమ్మ నంబరు నుంచి ఫోను. ఎత్తితే ఎవరో మగగొంతు, మీ అమ్మగారు పడిపోయారు సార్ అని. ఇంకో మాట వినపడలేదు నాకు. ఆ డ్రెస్సులు వస్తే ఆవిడ మళ్ళీ రోడ్డెక్కుతుంది."

గంగాభవానికి అతనిమీద జాలేసింది. పైగా అతను అన్నదాంట్లో సగం తను అనుకున్నదే.

"సరే బాబూ. సెప్తాను."

గురువారం పొద్దున్నే కుసుమకుమారి ఫోను చేసింది. అప్పుడు గంగాభవాని ఎవరిదో పెళ్ళి జాకెట్టు మీద ఉంది. పెడల్ మీంచి కాలు తీసేసి, చక్రాన్ని అరచేత్తో పట్టి ఆపింది.

"మిషను పాడయిందమ్మా. మోటారు కాలిపోయినాది. ఎప్పటికవుద్దో సెప్పలేను."



"అయ్యో. మరి నీ పనో?"

"ఏటి సేత్తాం."

"పెళ్ళిళ్ళ రోజులు కదా, నీకు చేతినిండా ఉంటుంది. మిషను లేకపోతే ఎలాగ?" అంటూ ఆలోచించి, "ఇదుగో, మా ఇంట్లో నా మిషను ఉంది. తొక్కుడుది. పిల్లాడి చిన్నప్పుడు కొన్నది, బాగానే పనిచేస్తుంది. నీది బాగయ్యేదాకా అది తీసుకెళ్ళు."

"వద్దమ్మా, పర్లేదు."

"పర్లేదేమిటి? రేపు రా. జయంత్ ఆఫీసుకి వెళ్ళిపోతాడు, ఇంట్లో నేనే ఉంటాను. కిందకి దింపడానికి వాచ్‌మన్ ఉన్నాడు. నా గుడ్డల సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు నీ పని ఆగకూడదు."

ఫోను పెట్టేశాక గంగాభవాని చాలాసేపు చక్రం మీంచి చెయ్యి తీయలేదు. ఆ రోజు మిషను చప్పుడు సందులోకి వినపడకుండా షట్టరు సగం దించుకుని కుట్టింది. ఉక్కకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

శుక్రవారం ఆమె వెళ్ళింది. వెళ్ళేముందు దుప్పటి తీసి, నీలం కుర్తా, దాని ప్యాంటూ మడతపెట్టి సంచీలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియలేదు. ఇస్తానని కాదు. వదిలి వెళ్ళడానికి మాత్రం మనసొప్పలేదు.

లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటు. కుసుమకుమారి వాళ్ళది మూడో అంతస్తు. తలుపు తీసిన ఆవిడ నైటీలో ఉంది. వంటింటికీ హాలుకీ మధ్య చకచకా తిరుగుతూ మజ్జిగ తెచ్చిచ్చింది, కిటికీ పక్కనున్న మిషను మీద ముసుగు తీసి దుమ్ము దులిపింది.

"ఉండు, వాచ్‌మన్‌ని పిలుచుకొస్తాను. ఫోనెత్తడు వాడు."

"నాను పిలుత్తానమ్మా."

"నువ్వు చెబితే రాడు. నేను దిగాల్సిందే."

నైటీతో గుమ్మం దాటే మనిషి కాదు. లోపలికెళ్ళి చీర కట్టుకుని, ఆ బూట్లు తొడుక్కుని వచ్చింది. ఊతకర్రని మోచేతికి తగిలించుకుంది. మెట్ల దగ్గరికి రాగానే ఆవిడ నడకంతా మారిపోయింది. కుడిచేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. రెయిలింగు ఎడమవైపు ఉంది. ఆ చేతికి పట్టు లేదు, వేళ్ళు ఊరికే దానిమీద ఆనించింది. మోచేతికున్న కర్ర మెట్టుకొట్టి ఎగిరిపడుతోంది. రెండు మెట్లు దిగి, అడ్డంగా తిరిగి, కుచ్చిళ్ళు వదిలేసి కుడిచేత్తో రెయిలింగు అందుకుంది. చీర మెట్టు మీద జీరాడింది. మళ్ళీ రెయిలింగు వదిలి చీర పట్టుకుంది. ప్రతి మెట్టు దగ్గరా అదే. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆవిడ గోడకి ఆనుకుని మెల్లగా మెట్టుమీద కూర్చుంది. పై పెదవి మీద చెమట పట్టింది.

"ఒక్క నిమిషం," అంది. "ఇంట్లో చూశావుగా, పరిగెడతాను. ఇక్కడికొచ్చేసరికే ఇంకో చెయ్యి కావాల్సొస్తుంది."

గంగాభవాని పక్కన నిలబడి ఉంది. కింద వీధిలో ఉల్లిపాయల బండి మైకు అరుస్తోంది. అది దూరమయ్యాక ఆమె అంది.

"మిషను బాగానే ఉన్నాదమ్మా."

కుసుమకుమారి తలెత్తి చూసింది.

"ఏటీ కాలిపోలేదు. అబద్ధం సెప్పేను."

"జయంత్ వచ్చాడా?"

"వచ్చేరు."

ఆవిడ కోప్పడలేదు. చెమట తుడుచుకుని, మోకాళ్ళమీద చీరని సర్దుకుంది.

"వాడు భయపడ్డాడు, అర్థముంది. మరి నీకేం భయం, భవానీ?"

గంగాభవాని సంచీలో చెయ్యి పెట్టి నీలం గుడ్డ కొస బయటికి తీసి చూపించింది.

ఇద్దరూ పైకెక్కారు. కుసుమకుమారి గదిలోకెళ్ళి వేసుకొచ్చి అద్దం ముందు నిలబడింది. భుజాల దగ్గర చక్కగా కూర్చుంది. జేబుల్లో చేతులు పెట్టి తీసింది, ఫోను పెట్టి చూసుకుంది. అప్పుడు కిందకి చూసింది. గుడ్డ పిక్కల దాకా ఉంది. గోడ పక్కనున్న స్టూలు లాక్కుని, గోడ పట్టుకుని, బస్సు మెట్టెక్కినట్టు ఒక కాలు దానిమీద పెట్టింది. మోకాలు దగ్గర గుడ్డ బిగుసుకుంది. కాలు సగంలో ఆగిపోయింది.

"నేను చెప్పింది ఇది కాదు."

"నాలుగంగుళాలు ఎక్కువెట్టేను. పక్క సీలిక కూడా దించీసేను."

"ఎందుకు?"

"పెద్దోరు కదా... బాగుంతాదని."

"కొలత నేనే వేలుపెట్టి చూపించాను కదా," అంది కుసుమకుమారి. ఆ గొంతులో విసుగు లేదు. అంత మామూలుగా అడిగినందుకే గంగాభవానికి తల దించుకోవాలనిపించింది.

"ఇప్పియ్యండమ్మా. ఇక్కడే సేసిత్తాను."

పాత మిషను ఇరుసుల్లో నూనె చుక్కలు వేసి, ఖాళీగా కాసేపు తొక్కింది. మొదట కిర్రుమని, తర్వాత దారికొచ్చింది. కుట్టిన అంచు విప్పి, గుడ్డని నేలమీద పరిచి, ముప్పై ఎనిమిది దగ్గర కొత్త గీత గీసింది. మడతకి అంగుళం వదిలి కత్తిరించింది. తెగిన నీలం పీలిక పొడుగ్గా ఆమె ఒళ్ళో పడింది. పక్కల కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో తెంపి, చీలికని పైకి తీసుకెళ్ళి, అక్కడ చినిగిపోకుండా మూడుసార్లు అడ్డంగా కుట్టు వేసింది. ఈసారి కుసుమకుమారి స్టూలు మీద కాలు పెట్టి, ఎక్కి నిలబడి, దిగింది. మళ్ళీ ఎక్కింది. గోడ పట్టుకోలేదు.

"రేపు పొద్దున్నే వెళ్తాను," అంది. "నువ్వూ బస్సు దాకా రా. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే చూద్దువుగాని."

శనివారం పొద్దున గంగాభవాని సూదీదారం, చిన్న కత్తెర సంచీలో వేసుకుని వెళ్ళేసరికి మూడో అంతస్తు గుమ్మంలో జయంత్ నిలబడి ఉన్నాడు. లోపలనుంచి కోడలు నీలిమ గొంతు వినిపిస్తోంది, నీళ్ళ సీసా పెట్టుకున్నారా అని అడుగుతోంది.

"మీరు చెప్తానన్నారు కదా ఆంటీ," అన్నాడు జయంత్ మెల్లగా.

"సెప్పేను బాబూ. అబద్ధమని కూడా నానే సెప్పీసేను."

అతను ఇంకేదో అనబోయేలోపు కుసుమకుమారి బయటికొచ్చింది. నీలం కుర్తా, దాని ప్యాంటు, బూట్లు. జుట్టు ఎప్పటిలాగే ముడేసుకుంది, నుదుట విభూతి. చేతుల్లో కర్ర తప్ప ఏమీ లేదు.

"అమ్మా, కారు బుక్ చేశాను. మూడు నిమిషాల్లో వస్తుంది."

"వద్దని చెప్పెయ్. బస్సులో నాకు తెలిసినవాళ్ళుంటారు."

"ఇలాగా వెళ్తావు?"

"ఇలాగే."

ఆవిడ కుడిచేత్తో రెయిలింగు పట్టుకోవడానికి మెట్లమీద కొంచెం అడ్డంగా తిరిగి, దిగడం మొదలుపెట్టింది. జయంత్ నిక్కరుతోనే, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, ఆవిడ ముందుకి పరిగెత్తి, రెండు మెట్ల కింద చేతులు చాచి వెనక్కి వెనక్కి దిగాడు. "పక్కకి తప్పుకోరా, నువ్వు పడతావు," అంది ఆవిడ. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఆవిడని పైనుంచి కింద దాకా చూశాడు. జయంత్ మొహం బిగుసుకుంది.

"అమ్మగారూ, పై ట్యాంకు మోటారు ఎయ్యమంటారా?" అన్నాడు వాచ్‌మన్.

"వెయ్యి. నిండాక ఆపడం మర్చిపోకు."

మెయిన్ రోడ్డు దాకా ముగ్గురూ నడిచారు. టిఫిను బండి దగ్గర జనం ఉన్నారు. ఒకతను ఇడ్లీ నములుతూ ఫోను చూసుకుంటున్నాడు. ఇస్త్రీ బండి మనిషి బొగ్గులు ఊదుకుంటున్నాడు. గంగాభవాని అందరి మొహాలూ చూసుకుంటూ నడిచింది. జయంత్ కూడా అదే చేస్తున్నాడని కాసేపటికి గమనించింది. ఇద్దరూ ఎవరో ఒకరు చూస్తారని వెతుకుతున్నారు. చూసేవాళ్ళు దొరకలేదు. బస్‌స్టాపులో కొబ్బరికాయల సంచీ పెట్టుకున్న ఒకావిడ, సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కుసుమకుమారికి బెంచీ మీద చోటిచ్చింది. అంతే.

సింహాచలం బస్సు అప్పటికే సగం నిండి వచ్చింది. కుసుమకుమారి కర్రని ఎడమ మోచేతికి తగిలించుకుంది. కుడిచేత్తో కడ్డీ అందుకుని, బూటుకాలు మొదటి మెట్టుమీద పెట్టింది. ఆ వైపునుంచి జయంత్ చెయ్యి, ఈ వైపునుంచి గంగాభవాని చెయ్యి, ఒకేసారి ముందుకి వెళ్ళాయి. ఆవిడ రెండో మెట్టెక్కి లోపలికి వెళ్ళిపోయింది. రెండు చేతులూ గాలిలోనే ఉండిపోయాయి. కిటికీలోంచి ఆవిడ వీళ్ళవైపు చూడలేదు. పక్కసీటావిడతో అప్పుడే మాటల్లో పడింది. కండక్టరు రైట్ అన్నాడు.

బస్సు దుమ్ము తగ్గే దాకా జయంత్ అక్కడే నిలబడ్డాడు. ఎవరో సైకిలతను బెల్లు కొడితే పక్కకి జరిగాడు. నిక్కరు జేబులో చేతులు పెట్టుకుని, కాళ్ళవైపు చూసుకుని, చివరికి అన్నాడు.

"ఆంటీ, మిగతా రెండూ ఇంకా కుట్టలేదు కదా?"

"లేదు బాబూ."

"రెండో మెట్టు దగ్గర కొంచెం పట్టేసినట్టనిపించింది నాకు. మోకాలు దగ్గర. వాటికి ఇంకో రెండంగుళాలు తగ్గిస్తే?"

గంగాభవాని సంచీ భుజానికి తగిలించుకుంది.

"అమ్మగారు కొండ దిగొచ్చేక అడిగి తగ్గిత్తాను," అంది.